రెండు పొరల నడుమ సందు

ఎడమ చొక్కాచేతిని భుజం దాకా మడిచి చూసుకోండి. శనగగింజంత గుంట కనిపిస్తే అది బీసీజీ టీకా మచ్చ. పుట్టిన కొత్తల్లో వేసిన సూది కొన్ని వారాలకు పొక్కి, రసి కారి, మానిన గుర్తు. మా మదనపల్లె వాళ్ళకు ఆ మచ్చ మీద మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ హక్కుందని నా వాదన. ఊరి గొప్ప ఏమిటని అడిగితే, రవీంద్రుడు 1919లో బీటీ కాలేజీలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి ఎవరైనా చెబుతారు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఇక్కడేనంటారు. టమోటా మార్కెట్‌ చూపిస్తారు. ఆరోగ్యవరం సంగతి మాత్రం గుచ్చి గుచ్చి అడిగితేనే చెబుతారు.

ఊరి పక్కన చెట్ల నీడలో ఉన్న ఆ క్షయ ఆసుపత్రి 1912లో మొదలైంది. ఇప్పుడున్న చోటికి 1915లో వచ్చింది. మొదటి పెద్ద డాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమట్-మోలర్. ఆయన కొడుకు యోహానెస్ 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల పల్లెలు తిరిగి, కొందరికి బీసీజీ వేసి, కొందరికి వేయకుండా, ఎవరికి క్షయ వస్తుందో ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశాడు. ఆ లెక్కలు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. బీసీజీ పనిచేస్తుందా లేదా అన్న ప్రపంచవ్యాప్త తగవులో మా పల్లెలు కూడా సాక్షులే.

ఆ టీకాలో ఉన్నది ఆవు క్షయ క్రిమి. పుంగనూరు ఆవు కాదు లెండి, ఫ్రాన్సు ఆవు. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908 నుంచి 13 ఏళ్ళ పాటు దాన్ని బంగాళాదుంప ముక్కల మీద, పిత్తరసం కలిపి, ఒక సీసా నుంచి ఇంకో సీసాకు 230 సార్లు మార్చి మార్చి పెంచి దాని కోరలు తీశారు. క్షయ కోసం అంత కష్టపడి తయారుచేసిన ఆ కోరల్లేని క్రిమి ఇవాళ మూత్రాశయ క్యాన్సర్‌కు మందు. దాన్ని అక్కడికి తీసుకుపోయింది ఒక సర్జన్.

ఇక్కడ కాసేపు పుంగనూరు వెళ్ళొద్దాం. నాలుగేళ్ళ కిందట చింతపండు వ్యాపారం చేసే మా మేనమామకు ఆయాసం పట్టుకుంది. మెట్లు ఎక్కలేడు, కుడిపక్క పడుకోలేడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది సగం తెల్లగా పాలు పోసినట్టు వచ్చింది. పక్కలో నీరు చేరిందన్నారు. మంచం అంచున కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు పెట్టి, దాని మీదికి వాలమన్నారు. డాక్టరు వెనక పక్కటెముకలు వేలితో లెక్కపెట్టాడు. రెండు ఎముకల మధ్య కిందున్న ఎముక పై అంచును ఆనించి సూది దించాడు. పై ఎముక కింది అంచున రక్తనాళమూ నరమూ పోతుంటాయి, వాటి జోలికి పోకూడదు. ఎండుగడ్డి రంగు నీరు గొట్టం వెంట జారుతూ సీసాలోకి వచ్చింది. లీటరు దాటింది. 'యాడ దాక్కోనున్నాయప్పా ఇన్ని నీళ్ళు!' అన్నాడు మామ, ఊపిరి తిరిగి అందుతుండగా.

అవి దాక్కున్న చోటే నేను చెప్పాలనుకున్న చోటు. ఊపిరితిత్తిని అంటుకుని ఒక పల్చటి పొర, రొమ్ముగూడు లోపలివైపు అంటుకుని ఇంకొకటి. రెండిటి మధ్య రెండు మూడు చెంచాల తడి తప్ప ఏమీ ఉండదు. ఊపిరి తీసినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి నూనె రాసిన గాజుపలకల్లా జారతాయి. అదొక సందు, అంతే. కానీ అందులోకి ఏదైనా పంపవచ్చు. మందులు లేని రోజుల్లో శానిటోరియంలలో క్షయ డాక్టర్లు సూదితో ఆ సందులోకి గాలి నింపేవారు. ఊపిరితిత్తి ముడుచుకుని, పుండుపడ్డ భాగానికి విశ్రాంతి దొరికేది. గాలి ఇంకిపోతుంటే మళ్ళీ నింపేవారు. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక ఆ గాలి వైద్యం మూలపడింది. సందు మాత్రం అక్కడే ఉంది.

ఆ సందు దగ్గరికి మళ్ళీ వద్దాం, ముందు సర్జన్ల సంగతి. సర్జన్లకూ క్యాన్సర్ పరిశోధనకూ ఉన్న బంధం పాతదే. న్యూయార్క్‌లో విలియం కోలీ అనే కుర్ర సర్జన్‌కు 1890లో ఒక 17 ఏళ్ళ అమ్మాయి చేతి ఎముక క్యాన్సర్‌తో వచ్చింది. చేయి తీసేశాడు. కొన్ని నెలలకే ఆ పిల్ల చనిపోయింది. అది తట్టుకోలేక పాత కేసుల పుస్తకాలు తిరగేస్తే, మెడ మీద పదేపదే వచ్చే గడ్డ, చర్మానికి సెగ పట్టి జ్వరం వచ్చాక కరిగిపోయిన మనిషి ఒకడు కనిపించాడు. కోలీ ఇరుకు వాడల్లో ఇల్లిల్లూ తిరిగి అతన్ని పట్టుకున్నాడు. ఏడేళ్ళ తర్వాత కూడా నిక్షేపంగా ఉన్నాడు. 1891 నుంచి కోలీ తానే రోగుల గడ్డల్లోకి ఆ సెగ క్రిములను ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరికి గడ్డలు కరిగాయి, కొందరు జ్వరానికే పోయారు. ఎందుకు కరుగుతున్నాయో ఆయన చెప్పలేకపోయాడు. రేడియేషన్ వచ్చాక లోకం ఆయన్ని మరిచిపోయింది.

ఎనభై అయిదేళ్ళ తర్వాత కెనడాలో అల్వారో మోరాలెస్ అనే మూత్రకోశ సర్జన్ బీసీజీని మూత్రాశయంలోకి పంపాడు. గడ్డను గీకేసినా మళ్ళీ మళ్ళీ మొలుస్తుంటే విసిగిపోయిన వైద్యుడు ఆయన. 1976లో ప్రకటించినది తొమ్మిది మంది రోగుల సంగతే. వారానికోసారి, ఆరు వారాలు. ఆరే ఎందుకంటే, ఆ టీకా ఆరు సీసాల పెట్టెలో వచ్చేదట! యాభై ఏళ్ళయినా ఇప్పటికీ మొదటి విడత ఆరు వారాలే. శాస్త్రంలో కొన్ని అంకెలు పరిశోధనశాలలో పుడతాయి, కొన్ని అట్టపెట్టెల్లో పుడతాయి.

ఇద్దరూ కోత వైద్యులే కావడం కాకతాళీయం అనిపించదు నాకు. మందు రాసిచ్చే వైద్యుడికి గడ్డ కాగితం మీద అంకె. సర్జన్ దాన్ని చేత్తో పట్టుకుని చూస్తాడు. ఎక్కడిదాకా పాకిందో, దేన్ని తీయలేక వదిలేశాడో ఆయన వేళ్ళకు తెలుసు. అది తిరగబెట్టినప్పుడు మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు.

స్టీవెన్ రోజెన్‌బర్గ్‌ను పరిశోధన వైపు తోసింది కూడా ఒక ఆపరేషనే. 1968లో బాస్టన్‌లో చదువుకుంటున్న రోజుల్లో పిత్తాశయం తీయించుకోవడానికి 63 ఏళ్ళ మనిషి వచ్చాడు. పాత కాగితాలు చూస్తే, 12 ఏళ్ళ కిందట కడుపు క్యాన్సర్ కాలేయానికి పాకి, ఇక లాభం లేదని ఇంటికి పంపేసిన రోగి. పొట్ట తెరిచి రోజెన్‌బర్గ్ కాలేయాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. ఎక్కడా గడ్డ లేదు. ఏ మందూ వాడలేదు, శరీరమే తుడిచేసింది. అప్పటి నుంచి ఆయన ఆ ఒక్క ప్రశ్న వెంట పడ్డాడు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 1974 నుంచి సర్జరీ విభాగానికి పెద్దగా ఉంటూ, రోగనిరోధక కణాలను ఉసిగొల్పే ఇంటర్‌ల్యూకిన్-2 ఇచ్చాడు. అరవై మందికి పైగా ఇచ్చినా ఫలితం లేదు. 1984లో లిండా టేలర్ అనే నౌకాదళ అధికారిణికి ఒళ్ళంతా పాకిన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కరిగిపోయింది. ఆ తర్వాత గడ్డను కోసి, దానిలోకి చొరబడ్డ టీ కణాలను ఏరి, బయట కోట్ల సంఖ్యలో పెంచి తిరిగి ఎక్కించాడు. కోసిన గడ్డను చెత్తబుట్టలో కాకుండా విత్తనపు గింజల్లా చూడటం సర్జన్‌కే తట్టే ఆలోచన.

ఆ టీ కణం సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. మన ఒంట్లో దొంగను పోల్చుకునే నేర్పు యాంటీబాడీలది, పట్టుకుని చంపే సత్తా టీ కణాలది. క్యాన్సర్ కణం మన కణమే కాబట్టి ఊరివాడి వేషంలో తిరుగుతుంది, టీ కణం దాన్ని పోల్చుకోలేక పక్కనుంచే పోతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జెలిగ్ ఎషార్ 1989లో యాంటీబాడీ కన్ను తీసుకొచ్చి టీ కణానికి అతికించాడు. రోగి చేతి నరం నుంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి తెల్లకణాలు మాత్రం వేరుచేసుకుని, మిగతాది రోగికే ఎక్కిస్తారు. కోరలు పీకిన వైరస్‌తో ఆ కొత్త కంటి జన్యువును కణాల్లోకి పంపి, వాటిని పెంచి, మళ్ళీ రోగి ఒంట్లోకి వదులుతారు. వీటికి కార్-టీ కణాలని పేరు. రక్త క్యాన్సర్లలో ఇవి చేసిన అద్భుతాలు పత్రికల్లో చదివే ఉంటారు. గడ్డల క్యాన్సర్ల దగ్గర మాత్రం చతికిలపడ్డాయి. రక్తంలో ఉన్న శత్రువు కణాలకు ఎదురుపడతాడు. గడ్డ అయితే కోట కట్టుకుని కూర్చుంటుంది.

ఆ కోట దగ్గరే అడుసుమిల్లి ప్రసాద్ పేరు వినబడుతుంది. ఇంటిపేరు చెప్పగానే మనవాడని తెలిసిపోతుంది. న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో రొమ్ము లోపలి అవయవాల సర్జన్. కోలీ పనిచేసిన మెమోరియల్ ఆసుపత్రే పెరిగి పెద్దదై ఈ కేంద్రమయింది.

ఆయన బృందం పనుల్లో నాకు బాగా నచ్చినది కణాల వైద్యం కాదు, ఒక కోత లెక్క. ఊపిరితిత్తిలో రెండు సెంటీమీటర్లు మించని చిన్న గడ్డ ఉందనుకోండి. దాని చుట్టూ చిన్న ముక్క తీస్తే చాలా, ఆ తమ్మె మొత్తం తీసేయాలా? సూక్ష్మదర్శినిలో చూస్తే కొన్ని గడ్డల అంచు దాటి, గాలి అరల్లో, విడివిడిగా క్యాన్సర్ కణాలు కనబడతాయి. కోసేటప్పుడు కత్తికి అంటుకుని వచ్చిన చెత్త అని ఏళ్ళ తరబడి కొట్టిపారేశారు. 2015లో వీళ్ళు 411 మంది గడ్డలను తిరిగి చూశారు. చిన్న ముక్కే తీసిన వాళ్ళలో, అలాంటి కణాలు ఉంటే అయిదేళ్ళలో జబ్బు తిరగబెట్టినది 42.6 శాతం, లేకపోతే 10.9 శాతం. చెత్త కాదన్నమాట. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊపిరితిత్తుల గడ్డల వర్గీకరణలో ఆ వ్యాప్తికి చోటిచ్చింది. కత్తి పనేననే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ తగవు పూర్తిగా తెగలేదు. కత్తి పట్టినవాడే కత్తి ఎక్కడ ఓడిపోతుందో లెక్కగట్టడం నాకు ముచ్చటగా తోస్తుంది.

ఇక రెండు పొరల సందు. మెసోథెలియోమా అనే క్యాన్సర్ ఆ పొరకే పుడుతుంది. ఆస్‌బెస్టాస్ ధూళి పీల్చిన 20, 30, ఒక్కోసారి 40 ఏళ్ళకు బయటపడుతుంది. మనకు దూరపు సంగతి అనుకోకండి. పులివెందుల ప్రాంతపు కొండల్లో ఆస్‌బెస్టాస్ రాయి ఉంది, ఒకప్పుడు తవ్వేవారు. రేకుల ఇళ్ళు మనకు కొత్త కాదు. ఈ క్యాన్సర్ గడ్డలా ఒకచోట ఉండదు, ఊపిరితిత్తి చుట్టూ పట్టెలా అల్లుకుపోతుంది. కోస్తే చివర ఎంతో కొంత మిగిలే తీరుతుంది. దాని కణాల ఒంటి మీద మెసోథెలిన్ అనే ప్రొటీన్ దండిగా ఉంటుంది. మామూలు పొర మీదా కొంచెం ఉంటుంది కాబట్టి భయం కూడా ఉంది.

మెసోథెలిన్‌ను పోల్చుకునే కార్-టీ కణాలను అడుసుమిల్లి బృందం నరంలోకి ఎక్కించకుండా నేరుగా ఆ సందులోకి పంపింది. ముందు ఎలుకల్లో. 2014లో ప్రకటించిన ఫలితం ఇది: నరంలో 30 రెట్లు ఎక్కువ కణాలు ఎక్కించినా, సందులోకి పంపిన కొద్ది కణాల పాటి పని చేయలేకపోయాయి. నరం దారిన పోయినవి ఊపిరితిత్తుల సన్న నాళాల్లో చిక్కుకుంటాయి. సందులో దిగినవి శత్రువు ముంగిట్లోనే దిగుతాయి. అక్కడే పెరిగి, ఒంట్లో మిగతా చోట్లకూ పోతాయి. గాలి నింపిన సూది దారిలోనే సైన్యాన్ని దించారు.

తర్వాత మనుషుల్లో. 2021లో ప్రకటించిన తొలి దశ పరీక్షలో 27 మంది రోగులు, వారిలో 25 మందికి మెసోథెలియోమా. కణాలు అదుపు తప్పితే మందు ఇచ్చి చంపేసే మీటను కూడా వాటిలోనే అమర్చారు. కణాల వల్ల పెద్ద ప్రమాదం ఎవరికీ రాలేదు. అయితే టీ కణాలకు అలసట ఉంది. గడ్డ వాటి మీద ఉన్న పీడీ-1 అనే బ్రేకును తొక్కుతుంటే కొన్నాళ్ళకు చల్లబడతాయి. ఆ బ్రేకు పట్టకుండా చేసే పెంబ్రోలిజుమాబ్‌ను 18 మంది మెసోథెలియోమా రోగులకు తోడు ఇచ్చారు. వారిలో 83 శాతం ఏడాది దాటి బతికారు, సగం మంది దాదాపు రెండేళ్ళు దాటారు. ఇద్దరి స్కాన్‌లో చురుకైన క్యాన్సర్ జాడే కనబడలేదు. ఇది చిన్న పరీక్ష, పోల్చి చూడటానికి రెండో జట్టు లేదు. మందు దొరికేసిందని చాటింపు వేయడానికి చాలదు.

తర్వాతి అడుగులో బ్రేకు పట్టని కణాలనే తయారుచేయాలనుకున్నారు. అటారా అనే బయోటెక్ కంపెనీ ఆ కణాల హక్కులు తీసుకుంది, బేయర్ చేతులు కలిపింది. 2022 ఫిబ్రవరిలో పరీక్షలో ఒక రోగి మరణించడంతో కొత్తవారిని చేర్చుకోవడం ఆపారు. ఆ ఏడాదే బేయర్ తప్పుకుంది. ఈ రంగంలో కాలు పెట్టినవాళ్ళకు ఇలాంటి ఏడాది ఒకటి రాసిపెట్టి ఉంటుంది.

కంపెనీ అనగానే మొహం చిట్లించేవాళ్ళున్నారు, నేనూ ఒకప్పుడు అంతే. కానీ టీ కణం మాత్ర కాదు. ఒక్కో రోగికి ఒక్కో బ్యాచ్, రోగి రక్తమే ముడిసరుకు. దుమ్ము లేని గదులు, వైరస్ తయారీ, ద్రవ నైట్రోజన్‌లో రవాణా, ప్రతి సంచీకీ పరీక్షలు. సీసా మారితే మనిషి పోతాడు. ఇదంతా ఆసుపత్రి మేడ మీద గదిలో వంద మందికి చేయవచ్చు, లక్ష మందికి చేయలేరు. ఈ సంగతి పసిగట్టిన సర్జన్ ఆరీ బెల్డెగ్రన్. ఇజ్రాయెల్‌లో వైద్యం చదివి, మూత్రకోశ క్యాన్సర్ సర్జన్ అయ్యి, 1980లలో రోజెన్‌బర్గ్ దగ్గర శిష్యరికం చేసి, లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డాడు. 2009లో కైట్ ఫార్మా పెట్టాడు. 2012లో పాత గురువు సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. 2017లో గిలియడ్ ఆ కంపెనీని 1,190 కోట్ల డాలర్లకు కొంది. ఆ అక్టోబరులోనే దాని కార్-టీ మందు యెస్కార్టాకు అనుమతి వచ్చింది. ఒక్కసారి ఎక్కించడానికి అప్పటి ధర 3,73,000 డాలర్లు.

నా అభ్యంతరం ధర పెద్దదని మాత్రమే కాదు. దశాబ్దాల పరిశోధనకు ఖర్చు పెట్టింది అమెరికా పన్నుదారులు. బ్రేకులు పడే ప్రతి మలుపులోనూ ప్రభుత్వ సంస్థే బండిని నెట్టింది. దారి చదునయ్యాక ఎక్కినవాళ్ళు టిక్కెట్టు ధర నిర్ణయించారు. అయితే ఎక్కేవాళ్ళు లేకపోతే బండి ఇంకా ఆ ఆసుపత్రి ఆవరణలోనే ఉండేదన్నదీ నిజమే. రెండూ నిజాలే కావడమే చిక్కు.

మన దేశంలో ఈ చిక్కును కొంత విప్పినది సర్జన్ కాదు, ఐఐటీ బొంబాయి ఆచార్యుడు రాహుల్ పుర్వార్. ఆయన బృందం టాటా మెమోరియల్ వైద్యులతో కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అమ్మేది ఇమ్యునోయాక్ట్ అనే కంపెనీ. ఖర్చు విదేశాల్లో అయ్యేదానిలో దాదాపు పదో వంతు. బెంగళూరు బొమ్మసంద్రలో ఇమ్యునీల్ అనే మరో కంపెనీ ఇదే పనిలో ఉంది, 2025లో తన కార్-టీ మందును విడుదల చేసింది. రెండూ రక్త క్యాన్సర్లకే. పొరల సందు దాకా ఇంకా రాలేదు.

కుప్పం నుంచి బొమ్మసంద్ర వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. తెల్లవారకముందే కుప్పం స్టేషన్‌కు పోతే టిఫిన్ క్యారియర్లు పట్టుకుని బెంగళూరు పనులకు పోయేవాళ్ళు కనబడతారు. వాళ్ళ మధ్య ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. మూడు రాష్ట్రాలు కలిసే ఊరు కాబట్టి కొందరు వెల్లూరు దారి పడతారు, కొందరు బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి, ఇంకొందరు తిరుపతికి. మదనపల్లె, పుంగనూరు వాళ్ళయితే బస్సే.

మా మామ నీళ్ళలో చివరికి క్యాన్సర్ కణాలు లేవు. క్షయ అని తేలింది, ఆరు నెలలు మాత్రలు మింగాడు, ఇప్పుడు మళ్ళీ చింతపండు బస్తాల మధ్యే కూర్చుంటున్నాడు. మొన్న పుంగనూరు పోయినప్పుడు ఇదంతా ఆయనకు చెప్పాను. అరుగు మీద కూర్చుని, కుడి పక్కటెముకల మీద చేయి పెట్టుకుని, చివరిదాకా విన్నాడు.

'అంటే నా నెత్తురే తీసుకోనిపోయి, బెంగుళూరులో సదువు సెప్పిచ్చి, మళ్ళా నాకే అమ్మతారంటావా?'

'అంతే మామా.'

'ఫీజెంత?'

'పదుల లక్షల్లో ఉంటుంది.'

కాసేపు ఆలోచించాడు. 'ఆ సదువు మూడు వారాల్లో అయిపోతాదంటివే. మావోడి ఇంజనీరింగు నాలుగేండ్లయినా కాలా' అని లేచి, కాటా దగ్గరికి పోయాడు.